ఆరు వారాలు మీ బీడీల చాట ఎవరు పడతారు?

టమ్మీ టక్, అంటే పొట్ట మీది మిగులు చర్మం కోసేసి కండరాలు బిగించే ఆపరేషన్, చేయించుకుందామనుకునేవాళ్లు డాక్టరును మొదట అడిగేది "ఎంతవుతుంది?" అని. ఆ తర్వాత "బాగా నొప్పి ఉంటుందా?" అని. ఈ రెండింటికీ ఏ క్లినిక్‌కు వెళ్లినా జవాబు చెబుతారు. మూడో ప్రశ్నకు మాత్రం అక్కడ జవాబు దొరకదు. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాల పాటు, నల్లా వచ్చిన రోజు బిందెలు ఎవరు మోస్తారు? మీ చాట ఎవరు పడతారు?

షోలాపూర్ తూర్పు భాగంలో, సాఖర్ పేట, దత్తనగర్, నీలం నగర్ మొదలుకొని కుంభారి విడి ఘర్కుల్ కాలనీ వరకు ఉన్న మన పద్మశాలి వాడల్లో ఈ ప్రశ్న తప్పించుకోలేనిది. మగవాళ్లు మరమగ్గాల కార్ఖానాలో పొద్దంతా నిలబడి పని చేసి వస్తారు. ఆడవాళ్లు ఒడిలో చాట పెట్టుకుని వెయ్యి బీడీల లెక్క తీరేదాకా నేల మీద కూర్చుంటారు, లేదంటే మిషన్ మీద టవళ్ల అంచులు కుడతారు. నల్లా రోజూ రాదు. వచ్చిన రోజే నాలుగు రోజులకు సరిపడా నింపుకోవాలి. సినిమా తారల కోసం రాసిన సలహాల్లో ఈ పనుల ఊసే ఉండదు. మనం వీటితోనే మొదలుపెడదాం.

ముందు మీ పొట్టలో ఏముందో తెలుసుకోండి

పొట్ట ముందుకొచ్చింది అంటే అందరికీ ఒకే కారణం కాదు. నాలుగు రకాలుగా రావచ్చు, వాటిలో రెండింటికే ఈ ఆపరేషన్ పనికొస్తుంది.

ఒకటి, సాగిపోయిన చర్మం. కాన్పుల తర్వాతో, బాగా బరువు తగ్గిన తర్వాతో బొడ్డు కింద మడతగా వేలాడుతుంది. ఆ మడత లోపల చెమట పట్టి ఒరుసుకుపోయి, ఎండాకాలంలో పుండ్లు కూడా పడతాయి. వ్యాయామంతో ఈ చర్మం వెనక్కి పోదు. రెండు, కండరాల మధ్య ఎడం. పొట్ట మీద నిలువుగా ఉండే రెండు కండరాలు గర్భం పెరిగేటప్పుడు పక్కలకు జరుగుతాయి. కొందరికి కాన్పయ్యాక కూడా దగ్గరికి రావు. సన్నగా ఉన్న మనిషికి కూడా "ఎన్నో నెల?" అన్న ప్రశ్న ఎదురయ్యేది దీనివల్లే.

మీకు ఆ ఎడం ఉందేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. బొడ్డుకు కాస్త పైన వేళ్లు ఆనించి, తల మాత్రమే కొద్దిగా లేపండి. రెండు వేళ్ల కంటే ఎక్కువ పట్టేంత సందు తగిలితే డాక్టరుకు చూపించండి. ఎడం మరీ పెద్దది కాకపోతే ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలతోనే కొంత గుణం కనిపిస్తుంది. కోత దాకా వెళ్లక ముందు కొన్ని నెలలు అవి చేసి చూడటంలో నష్టం లేదు.

మూడు, లోపలి కొవ్వు. పేగుల చుట్టూ పేరుకుని పొట్టను బిగుతుగా, గట్టిగా ఉంచుతుంది. మన మగవాళ్లలో చాలామందిది ఇదే. టమ్మీ టక్ చేసే డాక్టరు కత్తి అక్కడి దాకా వెళ్లదు. బరువు తగ్గితేనే అది తగ్గుతుంది. నాలుగు, హెర్నియా. దగ్గినప్పుడు, బరువు ఎత్తినప్పుడు బొడ్డు దగ్గరో, పాత సిజేరియన్ కుట్టు దగ్గరో ఉబ్బెత్తుగా బయటికి వచ్చి, పడుకుంటే లోపలికి పోతుంటే అనుమానించాలి. ఇది అందానికి సంబంధించినది కాదు, జబ్బు. జనరల్ సర్జన్‌కు చూపించండి. సివిల్ హాస్పిటల్ ఓపీకి వెళ్లినా చూస్తారు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నాను? డబ్బుల లెక్క ఇక్కడే మారుతుంది కాబట్టి. అందం కోసం చేసే ఆపరేషన్‌కు ఆరోగ్య బీమా గానీ ప్రభుత్వ పథకాలు గానీ సాధారణంగా డబ్బు ఇవ్వవు. పైగా 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి, వైద్యానికి ఉండే పన్ను మినహాయింపు సౌందర్య శస్త్రచికిత్సకు వర్తించదు. హెర్నియా మరమ్మతు సంగతి వేరు. మీకు హెర్నియా కూడా ఉంటే ఏ భాగం ఏ లెక్కలోకి వస్తుందో ఆపరేషన్‌కు ముందే కాగితం మీద రాయించుకోండి. "తర్వాత చూసుకుందాం" అంటే ఆ తర్వాత చూసుకోవాల్సింది మీరే.

ఎవరు ఆగాలి?

ఇంకో బిడ్డను కనాలనుకుంటే ఆగండి. గర్భం వస్తే బిగించిన కండరాలు మళ్లీ సాగుతాయి. ప్రాణాపాయమని కాదు, పెట్టిన డబ్బు, పడ్డ బాధ వృథా అవుతాయి. పాలిస్తున్న తల్లి పాలు మాన్పించాక కొన్ని నెలలు ఆగాలి. కాన్పయ్యాక ఒంటికి కనీసం ఆరు నెలల నుంచి ఏడాది దాకా సమయం ఇవ్వాలి. బరువు ఇంకా తగ్గించుకునే పనిలో ఉన్నవాళ్లు, అది ఒక చోట నిలకడగా ఆగేదాకా ఓపిక పట్టాలి. టమ్మీ టక్ బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. తీసేసిన చర్మం, కొవ్వు తూకం వేస్తే చాలామంది విషయంలో రెండు మూడు కిలోలకు మించదు.

ఇక పొగాకు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

"నేను బీడీ తాగను, చుట్టడమే" అంటారు మీరు. నిజమే. కానీ పొద్దున్నే పళ్లకు పొగాకు మిశ్రీ రుద్దుతారా? పని మధ్యలో చిటికెడు తంబాకు బుగ్గన పెట్టుకుంటారా? డాక్టరు "స్మోకింగ్ ఉందా?" అని అడిగితే "లేదు" అని నిజాయితీగానే చెబుతారు, మిశ్రీ మాట ఆయన అడగడు, మీరు చెప్పరు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఈ ఆపరేషన్‌లో పొట్ట మీది చర్మాన్ని కింది పొర నుంచి విడదీసి, పక్కటెముకల దాకా లేపి, కిందికి లాగి కుడతారు. అలా లేపిన చర్మానికి కొన్ని రక్తనాళాలు తెగిపోతాయి. మిగిలినవాటితోనే అది బతకాలి. నికోటిన్ ఆ మిగిలిన నాళాలను కూడా ముడుచుకుపోయేలా చేస్తుంది. అప్పుడు కుట్టు దగ్గర, ముఖ్యంగా బొడ్డు కింద నడిమధ్యలో, చర్మం నల్లబడి చచ్చిపోతుంది. మానడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. అందుకే పొగాకు ఏ రూపంలో ఉన్నా ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు మానాలి, తర్వాత కూడా నాలుగు వారాలు ముట్టకూడదు. రోజంతా బీడీ తంబాకు చేతుల్లో నలుగుతుందని, దాని దుమ్ము పీలుస్తామని కూడా డాక్టరుకు చెప్పండి. పని ఎప్పుడు ఆపాలో ఆయన్నే చెప్పనివ్వండి.

డాక్టరును ఎలా ఎంచుకోవాలి?

బోర్డు మీద "కాస్మెటిక్" అన్న మాట చూసి లోపలికి వెళ్లకండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ఉందా అన్నది చూడండి. మహారాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడం మర్యాద తక్కువ పని కాదు. టవల్ కొనేవాడు నూలు నంబరు అడిగితే మనకు కోపం వస్తుందా? మత్తు ఇచ్చే డాక్టరు ఎవరు, అర్ధరాత్రి ఏమైనా అయితే ఐసీయూ ఎక్కడ, ఇంటికి వెళ్లాక ఫోన్ ఎత్తేది ఎవరు అన్నవి కూడా అడగండి.

2015 జూన్‌లో మన తెలుగు సినిమాల నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో 31 ఏళ్లకే చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. కొవ్వు తీసే ఆపరేషన్ అనగానే మనవాళ్లు ఉలిక్కిపడటం అప్పటి నుంచి ఎక్కువైంది. లైపోసక్షన్ వేరు, టమ్మీ టక్ వేరు. మొదటిది గొట్టంతో కొవ్వు పీల్చడం, రెండోది చర్మం కోసి, కండరం బిగించడం. మన విషయానికి ఇంకా దగ్గరగా ఉన్నది డోండా వెస్ట్ ఉదంతం. ఆవిడ అమెరికన్ గాయకుడు కాన్యే వెస్ట్ తల్లి. 2007 నవంబరులో టమ్మీ టక్‌తో పాటు మరికొన్ని ఆపరేషన్లు ఒకేసారి చేయించుకుని ఇంటికి వెళ్లారు, మర్నాడే చనిపోయారు. వయసు 58. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నట్టు శవపరీక్షలో తేలింది. ఆ తర్వాత 2009లో కాలిఫోర్నియా రాష్ట్రం ఆమె పేరు మీదే చట్టం చేసింది. అందం కోసం చేసే ఆపరేషన్‌కు ముందు ఒంటిని పరీక్షించి, తట్టుకోగలరని రాతపూర్వకంగా ఇవ్వాలన్నది దాని సారం.

మీరు చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, ఈసీజీ చేయించుకుని, మీ ఫిజీషియన్ సంతకంతో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోండి. రక్తం తక్కువగా ఉంటే ముందు అది సరిచేసుకోండి. "ఎట్లాగూ మత్తు ఇస్తారు గద, ఇంకో రెండు పనులు కూడా అయిపోతయి" అన్న లెక్కకు మాత్రం లొంగకండి. ఒకే రోజు ఎన్ని పనులు కలిపితే ప్రమాదం అంత పెరుగుతుంది.

ఆ రోజు, ఆ తర్వాత

పూర్తి మత్తు ఇస్తారు. రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. కింది పొట్ట మీద ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా కోత ఉంటుంది. కండరాలను నడిమికి లాగి కుడతారు, మిగులు చర్మం కోసేస్తారు. బొడ్డు ఉన్నచోటే ఉంటుంది. కిందికి లాగిన చర్మానికి కొత్తగా రంధ్రం చేసి దాన్ని బయటికి తెస్తారు. బొడ్డు కింది చారలు, చాలాసార్లు పాత సిజేరియన్ మచ్చ కూడా, కోసేసిన చర్మంతో పోతాయి. బొడ్డు పైన ఉన్న చారలు పోవు.

మెలకువ వచ్చేసరికి పొట్ట చుట్టూ బిగుతైన పట్టీ, పక్కల నుంచి రెండు సన్నటి గొట్టాలు ఉంటాయి. చూసి భయపడకండి. లోపల ఊరే నీరు వాటి గుండా బయటికి పోతుంది. అవి ఒకటి రెండు వారాల దాకా ఉండవచ్చు. రోజూ ఎంత నీరు వచ్చిందో ఒక నోట్‌బుక్కులో రాయాలి. చదువుకునే పిల్లలుంటే వాళ్లకు అప్పగించండి, బాధ్యతగా రాస్తారు.

అదే సాయంత్రమో మర్నాడు పొద్దున్నో మిమ్మల్ని లేపి నడిపిస్తారు. నడుము వంచే నడవాలి, లేకపోతే కుట్టు లాగుతుంది. నొప్పిగా ఉంది కదా అని మంచం దిగకపోతే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఈ ఆపరేషన్‌లో డాక్టర్లు అన్నిటికంటే ఎక్కువ భయపడేది దానికే. వారం పది రోజులు వంగి నడుస్తారు. రెండు వారాలకు దాదాపు నిటారుగా నిలబడతారు. మూడో వారానికి చిన్న పనులు చేసుకోగలుగుతారు. ఆరు వారాల దాకా నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు. నీళ్లతో నిండిన బిందె అంతకు రెండింతలు పైనే. చంటిపిల్లను ఎత్తుకోవడం కూడా వద్దు.

దత్తనగర్‌లో ఒకావిడ అనుకుందాం. పన్నెండో రోజుకు నొప్పి తగ్గింది. ఆ రోజే నల్లా వచ్చింది. అత్త "నువ్వు కూసో బిడ్డా" అంటూనే ఉంది, ఈవిడకు ఊరుకోబుద్ధి కాలేదు. "రెండు బిందెలే గదత్తమ్మా" అని లేచింది. సాయంత్రానికి ఒక పక్క పొట్ట ఉబ్బింది. లోపల రక్తం చేరింది, మళ్లీ ఆసుపత్రికి పరుగు. నొప్పి తగ్గితే లోపలి కుట్టు మానినట్టు కాదు. ఈ ఒక్క సంగతి అత్తకు, ఆడబిడ్డకు, భర్తకు కూడా ముందే చెప్పి ఒప్పించండి. సిగ్గుపడి దాచిపెట్టి చేయించుకున్నవాళ్లకే ఇంట్లో సాయం దొరకదు.

ఇంట్లో ముందుగా చేసుకోవాల్సినవి

1. కాలం చూసుకోండి. షోలాపూర్ ఎండల్లో, ఏప్రిల్, మే నెలల్లో, రాత్రీ పగలూ బిగుతు పట్టీ కట్టుకుని ఉండటం నరకం. చెమటకు కుట్టు పాడవుతుంది. దీపావళి దాటాక పెట్టుకుంటే మంచిది. నారళీ పౌర్ణమికి మార్కండేయ రథం దగ్గర నిలబడాలని ఉంటే, దానికి ముందు రెండు నెలల్లో ఆపరేషన్ వద్దు. ఆ జనంలో ఒక మోచేయి తగిలితే చాలు.

2. మంచం సంపాదించండి. నేల మీద పక్క నుంచి లేవడం ఈ ఆపరేషన్ అయినవాళ్లకు దాదాపు అసాధ్యం. ఘర్కుల్ ఇల్లు చిన్నదే, అయినా ఆరు వారాలకు బంధువుల దగ్గర ఒక మంచం అడిగి తెచ్చుకోండి. తల కింద, మోకాళ్ల కింద దిండ్లు పెట్టుకుని పడుకోవాలి.

3. కమోడ్ కుర్చీ తెచ్చుకోండి. మందుల దుకాణాల్లో, ఆసుపత్రి సామాను అమ్మేచోట దొరుకుతుంది. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి పనికిరాదు. మలబద్ధకం రాకుండా నీళ్లు, పండ్లు, అవసరమైతే డాక్టరు రాసిన మందు వాడండి. ముక్కితే కుట్టు మీద భారం పడుతుంది.

4. పనుల జాబితా రాసి, ఒక్కో పని పక్కన ఒక్కో మనిషి పేరు రాయండి. నీళ్లు, వంట, బట్టలు, పిల్లల బడి. పేరు లేని పని ఏదైనా ఉంటే అది చివరికి మీ మీదే పడుతుంది.

5. కూలి నష్టం కూడా ఖర్చులో కలపండి. ఆసుపత్రి బిల్లు లక్షల్లో ఉంటుందని అందరికీ తెలుసు. ఆరు వారాలు బీడీల డబ్బు రాదన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. దీనికోసం వడ్డీకి అప్పు తేవాల్సి వస్తే నా మాట వినండి, ఇప్పుడు వద్దు. ఈ పొట్ట వచ్చే ఏడాది దాకా ఆగుతుంది, వడ్డీ ఆగదు.

6. దగ్గరి ఊళ్లోనే చేయించుకోండి. హైదరాబాదులో చెల్లెలు ఉంది కదా అని వెళ్తే, మూడు వందల కిలోమీటర్లు బస్సులో కూర్చుని తిరిగి రావడం కాళ్ల నరాలకు మంచిది కాదు. వెళ్లక తప్పదంటే గొట్టాలు తీసేసి, డాక్టరు సరేననేదాకా అక్కడే ఉండండి.

మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాట్లు

మొదటిది పత్తెం. ఆపరేషన్ అయిందంటే పప్పు వద్దు, గుడ్డు వద్దు, చీము పడుతుంది అంటారు. ఇది తలకిందుల సలహా. కుట్టు మానాలంటే మాంసకృత్తులు కావాలి. గుడ్డు, పప్పు, పాలు, తినేవాళ్లకు చేప, కోడి మాంసం తప్పకుండా పెట్టండి.

రెండోది కాపడం. పొట్ట మీద కొన్ని నెలలు స్పర్శ తక్కువగా ఉంటుంది. కొద్ది భాగంలో ఎప్పటికీ రాకపోవచ్చు కూడా. ఆ చోట వేడినీళ్ల సంచి పెడితే కాలుతున్నది మీకు తెలియదు, బొబ్బలు లేచాకే తెలుస్తుంది. పసుపు, నూనె, ఆకుపసర్లు కూడా కుట్టు మీద వద్దు.

మూడోది తొందరగా చాట పట్టడం. "కూర్చుని చేసే పనే గద" అంటారు. బాసిపట్టు వేసుకుని, ముందుకు వంగి, ఒడిలో చాట ఆనించుకుంటే దాని అంచు సరిగ్గా కోత మీదికే వస్తుంది. డాక్టరు సరే అన్నాక, మొదట్లో కుర్చీలో కూర్చుని ముందు చిన్న బల్ల మీద చాట పెట్టుకోండి. గంటకోసారి లేచి నడవండి. మిషన్ తొక్కేవాళ్లకూ ఇదే మాట.

నాలుగోది అద్దం ముందు నిలబడి ఏడవడం. మొదటి నెలలో పొట్ట వాచి ఉంటుంది, ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. "ఇంత చేయించుకుని ఇదా?" అనిపిస్తుంది. వాపు పూర్తిగా దిగడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మచ్చ మొదట ఎర్రగా, తర్వాత నల్లగా ఉండి, ఏడాది ఏడాదిన్నరకు పలచబడుతుంది. పూర్తిగా మాయం కాదు. చెవి కుట్టించుకున్న చోటో, పాత కుట్టు దగ్గరో గడ్డలా మచ్చ లేచిన చరిత్ర మీకుంటే ఆపరేషన్‌కు ముందే చెప్పండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తులు

పిక్క ఒకవైపే వాచి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు. ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. జ్వరం, కుట్టు దగ్గర చెడు వాసన లేదా చీము, చర్మం నల్లబడటం, పొట్ట ఒక పక్కే ఉబ్బడం, గొట్టంలో నీరు ఉన్నట్టుండి ఎర్రగా ఎక్కువగా రావడం లాంటివి ఉంటే అదే రోజు మీ సర్జన్‌కు చూపించాలి. ఆ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లకు మరాఠీ ఫోన్ సంభాషణ కష్టమైతే తెలుగు మాట్లాడే నర్సు నంబరు కూడా తీసుకోండి. మన ఊళ్లో ఆసుపత్రుల్లో అలాంటివాళ్లు దొరుకుతారు.

చివరగా, ఎవరూ చెప్పని చిన్న సంగతి. ఆపరేషన్ రోజు పొద్దున డాక్టరు మిమ్మల్ని నిలబెట్టి, పెన్నుతో పొట్ట మీద గీత గీస్తారు. ఆ గీతే రేపటి మచ్చ. మీరు రోజూ కట్టుకునే లోలంగా వెంట తీసుకెళ్లి, అక్కడే కట్టుకుని చూపించండి. నాడా ఎక్కడ బిగుస్తుందో చూసి, గీత దానికి కాస్త కింద వచ్చేలా గీయమనండి. నాడా సరిగ్గా మచ్చ మీద పడితే చీర కట్టిన ప్రతి రోజూ ఒరుసుకుంటుంది. మానేదాకా, కనీసం ఆ ఆరు వారాలు, ఎలాగూ నైటీయే.